రగ్గు ఎవరికి కప్పాలి?

చలి ముదరగానే గుర్రాలున్న ఇంట్లో మొదట జరిగే పని షెడ్డు మూసేయడం. కిటికీలకు గోనె పట్టాలు, రేకుల సందుల్లో పాత ఫ్లెక్సీలు, గుమ్మానికి టార్పాలిన్. రాత్రి పది దాటాక స్వెట్టర్ మీద శాలువా కూడా కప్పుకోవాలనిపిస్తుంది మనకు. ఆ చేత్తోనే గుర్రం వీపు మీద మందపాటి రగ్గు వేసి పట్టీలు బిగిస్తాం. ఇదంతా ప్రేమతోనే చేస్తాం, సందేహం లేదు. అయితే ఆ రాత్రి ఆ ఆవరణలో నిజంగా చలికి బాధపడుతున్నది ఎవరు అని ఒక్క నిమిషం నిలబడి చూస్తే జవాబు వేరేగా ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ చూపు గురించే. మన ఒంటికి తెలిసినదాన్ని ఎదుటి ప్రాణికి అంటగట్టకుండా, దానికేం కావాలో దాని దగ్గరే తెలుసుకోవడం ఎలా అన్నదే విషయం. గుర్రాల్ని సాకే కుటుంబానికి ఇది చలికాలమంతా రోజూ ఎదురయ్యే పని. గుర్రాలు లేనివారు కూడా చదవండి. ముసలి తల్లిదండ్రుల్ని చూసుకునేవారికీ, పదిమందితో పని చేయించేవారికీ ఈ చిక్కు తెలిసినదే.

హైదరాబాదుకు గుర్రం కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో, 1886లో, రేసులు మౌలాలి నుంచి మలక్‌పేటకు వచ్చాయి. ఇప్పటికీ అక్కడ చలికాలం అంటే రేసుల కాలమే. శివరాంపల్లిలోని పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపు స్వారీ ఒక భాగం. అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు పోలో మైదానాలు, స్వారీ క్లబ్బులు ఉన్నాయి. అలాంటి పెద్ద చోట్ల డాక్టర్లు, సిబ్బంది, రాసిపెట్టిన పద్ధతులు ఉంటాయి. బాచుపల్లి, మల్లంపేట, దుండిగల్ పక్క ఒకటిన్నర ఎకరంలో ఇంటిల్లిపాదీ కలిసి నడిపే చిన్న శాల సంగతి వేరు. తాతకు గుర్రాలు తెలుసు. కొడుకు లెక్కలు చూస్తాడు. కోడలు యజమానుల ఫోన్లు ఎత్తుతుంది. గుర్రాల్ని కనిపెట్టుకుని ఉండే సైసులు ఇద్దరు. సొంత గుర్రాలు మూడో నాలుగో, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగాలు చేసేవారు నెలకింతని కట్టి వదిలినవి ఎనిమిదో పదో. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తుంటాయి. పొద్దున్నే కాలేజీ బస్సుల హారన్లు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలే మిగిలాయి. 2012తో పోలిస్తే దాదాపు 45 శాతం తగ్గుదల. గుర్రాలు తగ్గితే గుర్రం తెలిసిన మనుషులూ తగ్గుతారు. అందుకే ఇంట్లో ఉన్న తెలివిని రాసిపెట్టుకోవడం, సరిచూసుకోవడం ఇప్పుడు మరింత అవసరం.

ముందు చలి లెక్క తేల్చుకుందాం. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతగా చెప్పుకునేది 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. మామూలు డిసెంబరు రాత్రి 13, 14 దగ్గర ఆగుతుంది. శివార్లలో కొన్ని రాత్రులు పది కిందికి జారుతుంది. పొట్టి వెంట్రుకలున్న ఆరోగ్యమైన గుర్రం, ఒళ్లు పొడిగా ఉంటే, 5 డిగ్రీల దాకా అదనపు శ్రమ లేకుండా తన వేడిని తానే కాపాడుకుంటుంది. మంచు దేశాల్లో ఒత్తు జుట్టు పెంచుకున్న గుర్రం సున్నాకు పదిహేను డిగ్రీల కిందా నిలబడగలదు. అంటే మనకు పళ్లు టకటకలాడే రాత్రి గుర్రానికి హాయిగా ఉండే రాత్రి. దానికి ఇబ్బంది మొదలయ్యేది మన ఏప్రిల్‌లో.

ఇక్కడ ఇంకో సంగతి. గుర్రానికి చలికాలపు జుట్టు చలి వల్ల రాదు, పగటి వెలుతురు తగ్గడం వల్ల వస్తుంది. మన దగ్గర డిసెంబరు పగలు 11 గంటల పైచిలుకు ఉంటుంది, జూన్ పగలు 13 గంటలు దాటుతుంది. తేడా రెండు గంటలే కాబట్టి మన గుర్రాలకు జుట్టు కాస్తే పెరుగుతుంది. అర్ధరాత్రి దాకా షెడ్డులో ట్యూబ్‌లైటు వెలిగించి ఉంచితే ఆ కాస్త కూడా పెరగదు. గుర్రం చలిని తట్టుకోవాలని కోరుకునేవారు చేయాల్సిన తేలికైన పని, పని అయ్యాక లైటు ఆర్పేయడం.

మరి రగ్గు అసలు వద్దా? కొన్నిటికి కావాలి. ఎముకలు తేలిన ముసలి గుర్రం, జబ్బు చేసి లేచింది, జుట్టు కత్తిరించింది, కొత్తగా పుట్టిన పిల్ల, మాఘంలో అకాల వర్షానికి తడిసి గాలికి నిలబడ్డది. వీటికి కప్పండి. మిగతావాటికి కప్పినా, చెయ్యి పెట్టి వాటినే అడగండి. జూలు ముగిసి వీపు మొదలయ్యే ఎత్తైన చోట, రగ్గు కింద, అరచెయ్యి చాపి పదిసెకన్లు ఉంచండి. పొడిగా వెచ్చగా తగిలితే సరిపోయింది. జిగటగా తడి తగిలితే రగ్గు ఎక్కువైంది. ఇలా చూడాల్సిన సమయం రాత్రి కాదు, పొద్దున తొమ్మిదిన్నర. రాత్రి పన్నెండు డిగ్రీలకు వేసిన రగ్గు పొద్దుటి ఎండలో కూడా వీపు మీదే ఉంటుంది. ఎందుకంటే ఆ వేళకి సైసు పేడ ఎత్తుతుంటాడు, కొడుకు గడ్డి బండి దింపిస్తుంటాడు, రగ్గు తీయడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. లోపల చెమట పట్టి, అది ఆరక, పట్టీల కింద చర్మం ఎర్రబడి పుండు లేస్తుంది. రగ్గు వేసే మనిషి పేరు గోడ మీద రాసినప్పుడే తీసే మనిషి పేరూ రాయండి. రెండో పేరు దొరకకపోతే రగ్గు వేయకండి.

షెడ్డు మూయడం ఇంతకంటే చెడ్డది. రాత్రంతా గుర్రం మూత్రం గడ్డిలో ఇంకి అమ్మోనియా పుడుతుంది. గాలి కదలని గదిలో అది కిందనే పేరుకుంటుంది. తెల్లవారుజామున మూసిన షెడ్డులోకి వెళ్లి గుమ్మంలో నిలబడి వాసన చూస్తే పెద్దగా తెలియదు, మన ముక్కు ఐదున్నర అడుగుల ఎత్తున ఉంటుంది కదా. లోపలికి వెళ్లి గొంతుక్కూర్చోండి. మోకాలి ఎత్తులో, తడిసిన గడ్డి దగ్గర, నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. కళ్లు మండితే ఆ గాలే రాత్రంతా మీ గుర్రం పీల్చిందన్నమాట. తినేటప్పుడూ పడుకునేటప్పుడూ దాని ముక్కు ఉండేది అక్కడే. దీనికి తోడు పది గుర్రాల ఊపిరి తేమ చల్లని రేకుల కింద చేరి నీటిబొట్లై కారుతుంది. గడ్డి ముక్కిపోతుంది. బూజు ధూళి లేస్తుంది. స్వారీ మొదట్లో గుర్రం రెండు మూడు సార్లు దగ్గితే "చలికి దగ్గుతుందిలే" అని వదిలేస్తుంటాం. అది చలి దగ్గు కాదు, ఊపిరితిత్తులు మంట పెడుతున్నాయని చెప్పడం. ఏళ్ల తరబడి వదిలేస్తే మనుషుల ఆస్తమా లాంటి జబ్బుగా స్థిరపడుతుంది. అప్పుడు ఆ గుర్రం ఇక పరుగుకు పనికిరాదు.

కాబట్టి పైన తెరవండి, కింద అడ్డం పెట్టండి. చలికాలంలో మన వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. ఆ పక్క మాత్రం గుర్రం ఛాతీ ఎత్తు వరకు గోనె పట్టా కట్టి, దాని పైన చూరు దాకా ఖాళీగా వదిలేయండి. మిగతా మూడు పక్కలూ ఎప్పటిలా ఉంచండి. ఎండుగడ్డిని వేసే ముందు పది నిమిషాలు నీళ్ల డ్రమ్ములో ముంచి తీయండి, ధూళి అణుగుతుంది. తడిపిన గడ్డిని ఆ పూటకే వాడేయాలి. షెడ్డు ఊడ్చేటప్పుడు గుర్రాల్ని బయట కట్టాలి. ఇది చెబితే సైసులు మొదట విసుక్కుంటారు, పావుగంట పని పెరుగుతుంది మరి. వారం తిరిగేసరికి దగ్గులు తగ్గడం వాళ్లే గమనిస్తారు.

బయటి గాలి సంగతీ చెప్పాలి. బాచుపల్లి, బొల్లారం, పటాన్‌చెరు పట్టీలో ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాహనాలు సరేసరి. చలికాలపు తెల్లవారుజామున నేలకి దగ్గరగా చల్లగాలి, పైన వెచ్చని గాలి ఉండి మూతపెట్టినట్టవుతుంది. పొగంతా కిందే నిలుస్తుంది. పొద్దున ఆరుకి తెల్లగా కనిపించేదంతా మంచు అనుకోకండి. ఆ వేళ నడక చాలు. దౌడు తీయించాలంటే ఎండ ఎక్కి ఆ తెర విడిచాక, ఎనిమిదిన్నర తర్వాత. ఆఫీసు తొమ్మిదింటికి ఉందని తొందరపెట్టే యజమానికి ఈ మాట నెమ్మదిగా, ఒక్కసారి కాదు ప్రతి శీతాకాలం, చెప్పాల్సి ఉంటుంది.

ఇప్పుడు నీళ్లు. చలికాలంలో గుర్రాల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇదే, దీని గురించే మనం తక్కువ మాట్లాడతాం. 450 కిలోల గుర్రం రోజుకి 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది. వేసవిలో తొట్టి ఖాళీ అయితే మనకి వెంటనే తెలుస్తుంది. డిసెంబరులో తొట్టి నిండుగా ఉంటే నిశ్చింతగా ఉంటాం. నిండుగా ఉందంటే తాగలేదని అర్థం. రాత్రంతా చల్లబడ్డ నీళ్లని గుర్రం పెదవులతో తాకి వదిలేస్తుంది. పచ్చగడ్డి తగ్గి ఎండుగడ్డి పెరిగే కాలం కూడా ఇదే. లోపల మేత ఎండి గట్టిపడి పేగుకి అడ్డం పడుతుంది. గుర్రాన్ని నేలమీద పొర్లించే కడుపునొప్పి ఇలా మొదలవుతుంది.

దీనికి ఖర్చులేని ఉపాయం మన కాళ్ల కిందే ఉంది. లోతు బోరులో నీళ్లు చలికాలంలోనూ గోరువెచ్చగానే ఉంటాయి. భూగర్భ జలం ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది, మన దగ్గర అది 25 డిగ్రీల పైమాటే. మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకులో రాత్రంతా చల్లబడ్డ నీళ్లు కాకుండా, పొద్దున ఐదున్నరకి మోటారు వేసి బోరు నీళ్లు నేరుగా బక్కెట్లలోకి పట్టండి. సాయంత్రం ఇంకోసారి. బక్కెట్టు మీద లీటర్ల గీతలు పెయింటుతో గీసి, ప్రతి గుర్రం ఎంత మిగిల్చిందో పలక మీద రాయండి. దాణాలో రోజుకు 30 గ్రాముల దాకా ఉప్పు కలిపితే దాహం పుడుతుంది. నీళ్లు పక్కన ఉన్నప్పుడే సుమా.

నీళ్ల పలక పక్కనే పేడ లెక్క. ఆరోగ్యమైన గుర్రం రాత్రిపూట నాలుగైదు సార్లు పేడ వేస్తుంది. ఉండలు తేమగా ఉండి నేల మీద పడగానే విచ్చుకోవాలి. పొద్దున చూస్తే రెండే కుప్పలు, చిన్నవి, గట్టివి, మీద జిగురు పొర. ఇది కనబడిన రోజు ఆ గుర్రం మీద స్వారీ రద్దు. ఆ మాట యజమానికి వెంటనే ఫోన్ చేసి చెప్పండి. ముందుకాలుతో నేల గీరడం, వెనక్కి తిరిగి డొక్క చూసుకోవడం, పడుకుని లేవడం మొదలైతే మేత తీసేసి డాక్టర్ని పిలవండి. నాడి దవడ ఎముక కింద దొరుకుతుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. అరవై దాటిందంటే ఆలస్యం కూడదు. ఆ వేళ మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది, సీసాతో నూనె గొంతులో పోయడం. దయచేసి ఆ పని చేయకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే కడుపునొప్పితో చావని గుర్రం న్యుమోనియాతో చస్తుంది. నూనె పట్టించాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి పట్టిస్తారు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మనకి నగరం అవతలి కొసన ఉంది. గుర్రాన్ని తరలించాలంటే బండి ఎవరిది, రాత్రి రెండింటికి డ్రైవరు ఎత్తే నంబరు ఏది, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడ ఎక్కాలి అన్నవి నవంబరులోనే తేల్చుకుని గోడ మీద రాసి ఉంచండి.

మేత విషయంలో కూడా మన ఒంటిని బట్టే ఆలోచిస్తాం. చలికి బలం కావాలని ఉలవలు, బార్లీ పెంచుతాం. ఉలవలు మంచివే. తెలుగువారి గుర్రాలు తరతరాలుగా ఉలవ గుగ్గిళ్ల మీద బతికాయి. కానీ ఒంట్లో వేడి పుట్టించేది దాణా కాదు, గడ్డి. గుర్రం పెద్దపేగులో పీచు పులుస్తూ గంటల తరబడి వేడినిస్తుంది, కడుపులో కుంపటి పెట్టుకుని తిరుగుతున్నట్టే. చలి రాత్రి మీరు నిజంగా వెచ్చదనం ఇవ్వాలనుకుంటే రగ్గు బదులు ఇంకో రెండు కిలోల ఎండుగడ్డి వేయండి. మొత్తం మీద ఒంటి బరువులో నూటికి రెండు వంతుల మేత రోజుకి పడాలి, అంటే 450 కిలోల దానికి ఎనిమిది తొమ్మిది కిలోలు.

అంతకన్నా ముఖ్యం, ఎప్పుడు వేస్తున్నాం అన్నది. చలికాలంలో త్వరగా చీకటి పడుతుంది. సాయంత్రం ఆరుకి మేత వేసి తలుపులు దగ్గరేసి ఇంట్లోకి వెళ్లిపోతాం, మళ్లీ పొద్దున ఆరుకే. గుర్రం గడ్డి రెండు మూడు గంటల్లో నమిలేస్తుంది. మిగతా తొమ్మిది గంటలు ఖాళీ కడుపు. దాని కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది కాబట్టి పుండ్లు పడతాయి, చెక్క కొరకడం మొదలవుతుంది. రాత్రి పదకొండుకి ఇంకో వాటా పడాలి. తాత లేవక్కర్లేదు, సైసుని లేపక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా అమెరికా షిఫ్టులో పని చేస్తుంటే, ఈ ఐటీ కారిడార్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకరుంటారు, ఆ పూట మేత వాళ్లది. పది నిమిషాల పని. ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచినట్టూ ఉంటుంది.

కొనుగోలు దగ్గర జాగ్రత్తలు కొన్ని. వానాకాలపు వరికోతలు అయ్యాక వరిగడ్డి చవగ్గా, కుప్పలుగా దొరుకుతుంది. అది పరుపుకి బాగుంటుంది. కడుపు నింపే మేతగా మాత్రం బలం లేనిది, ఎక్కువ తింటే పేగుకి అడ్డం పడేది. తడిమీద కట్టిన మోపులు లోపల బూజు పడతాయి, కొనేముందు ఒకటి విప్పించి మధ్యలో చెయ్యి పెట్టి వాసన చూడండి. లేత జొన్న, కోసాక మళ్లీ మొలిచిన జొన్న పిలకలు వద్దు, వాటిలో విషం ఉంటుంది. బూజు పట్టిన మొక్కజొన్న గుర్రం మెదడుని దెబ్బతీస్తుంది. ఇంకొకటి, ఇది ప్రాణం తీసే పొరపాటు కాబట్టి విడిగా చెబుతున్నాను. పక్కింటి డెయిరీలోంచో, కోళ్లఫారం నుంచో దాణా సంచి అరువు తెచ్చి వేయకండి. పశువుల, కోళ్ల దాణాల్లో కొన్నిటిలో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. ఆవుకు మేలు చేసే మోతాదు గుర్రం గుండెని ఆపేస్తుంది. యూరియా కలిపిన గడ్డి కూడా గుర్రానికి వద్దు. దాణా ఏదైనా మార్చాల్సి వస్తే వారం పదిరోజుల మీద కొద్దికొద్దిగా మార్చాలి.

జుట్టు కాస్త పెరిగిన కాలంలో కంటికి గుర్రం బొద్దుగానే కనిపిస్తుంది. కన్ను నమ్మకండి. అమెరికాలో హెన్నెకే అనే పరిశోధకుడు 1983లో గుర్రం ఒంటిని ఒకటి నుంచి తొమ్మిది దాకా కొలిచే పద్ధతి ఇచ్చాడు. అయిదు దగ్గర ఉంటే బాగున్నట్టు: పక్కటెముకలు కంటికి కనబడకూడదు, వేళ్లతో తడిమితే సులువుగా తగలాలి. ప్రతి ఆదివారం ఒకే మనిషి అన్ని గుర్రాల్నీ తడిమి అంకె రాయాలి. ముసలి గుర్రం చిక్కుతుంటే దాణా పెంచేముందు నోరు తెరిచి పళ్లు చూపించండి. నమలలేక ఉమ్మేసిన గడ్డి ఉండలు తొట్టి కింద దొరుకుతాయి.

ఆదివారం అన్నాను కాబట్టి యజమానుల స్వారీ గురించి. వీళ్లలో చాలామంది శని, ఆదివారాలే వస్తారు. డిసెంబరు చివర వాళ్ల విదేశీ క్లయింట్లకు సెలవులు కాబట్టి వరసగా వారం రోజులు వచ్చి, జనవరిలో నెలంతా కనబడనివారూ ఉంటారు. ఐదు రోజులు కదలకుండా పూర్తి దాణా తిన్న గుర్రాన్ని ఆదివారం పొద్దున చల్లగాలిలో గంటన్నర పరిగెత్తిస్తే తొడ కండరాలు బిగుసుకుపోతాయి. అడుగు తీసి అడుగు వేయదు, చెమట కారుతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. వెనకటి రోజుల్లో ఆదివారం సెలవు ఇచ్చి సోమవారం బండికి కట్టిన గుర్రాలకు వచ్చిన జబ్బు ఇదే. అలా బిగుసుకున్నప్పుడు గుర్రాన్ని నడిపించకూడదు, ఉన్నచోటే ఆపి డాక్టర్ని పిలవాలి. రాకుండా చూడడం మన చేతిలోనే ఉంది. పనిలేని రోజు దాణా సగానికి తగ్గించండి, గడ్డి తగ్గించకండి. వారంలో రోజూ అరగంట నడక, మైదానంలో వదలడం. స్వారీకి ముందు పావుగంట నడక, తర్వాత చెమట ఆరేదాకా నడక. ఇది ఒప్పందంలో రాసుకుని యజమానితో సంతకం పెట్టించుకోండి. డబ్బు కట్టేవారికి నియమం చెప్పడం మొహమాటంగా ఉంటుంది నిజమే. గుర్రం తరఫున మాట్లాడడానికే వాళ్లు మనకి డబ్బు కడుతున్నారని గుర్తుంచుకుంటే ఆ మొహమాటం పోతుంది.

చలికాలం సంతల కాలం కూడా. మార్గశిరంలో మహారాష్ట్రలో సారంగ్‌ఖేడా సంత, మనకి దగ్గర్లో నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతర. అక్కడినుంచి కొత్త గుర్రాలు హైదరాబాదుకు వస్తాయి. కొత్తది ఎంత అందంగా ఉన్నా మూడు వారాలు విడిగా కట్టండి, బక్కెట్టు విడిగా, బ్రష్షు విడిగా. గ్లాండర్స్ పరీక్ష చేయించాకే కలపండి. అది మనుషులకీ అంటుకునే రోగం, తేలితే గుర్రానికి దయామరణం ఇవ్వాల్సిందే. రక్త నమూనా హర్యానాలోని హిసార్ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. పెళ్లి బారాత్‌లకి వెళ్లొచ్చే గుర్రాలుంటే వాటినీ ఒక పక్కగా ఉంచడం మేలు. తెలుగు పెళ్లిళ్లు ధనుర్మాసంలో ఆగి మాఘంలో మళ్లీ మొదలవుతాయి, ఆ మధ్యకాలంలో టీకాలు, గిట్టలు, పళ్లు చూసుకోండి. ఏ గుర్రమైనా వచ్చిపోయే జ్వరంతో చిక్కిపోతూ, కాళ్లు వాస్తే, వానలు వెళ్లినప్పుడు కుట్టిన జోరీగలు తెచ్చిన సర్రా కావచ్చు. రక్తం చూపించాలి. పొడిగాలికి గిట్టలు పగుళ్లు తీస్తాయి కాబట్టి లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిలిపించాలి, యజమాని వచ్చినప్పుడు చూద్దామని ఆపకూడదు. సంక్రాంతికి గాలిపటాలు తెగి మైదానంలో పడతాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించినా అది ఇంకా పడుతూనే ఉంది. ఆ నాలుగు రోజులు గుర్రాల్ని వదిలే ముందు ఇంటి పిల్లలు వరసగా నిలబడి మైదానమంతా నడిచి దారాలు ఏరాలి.

ఇక మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి. చలికి బాధపడుతున్నది సైసు. అతని గది షెడ్డు పక్కనే ఉంటుంది, గోడ ఒంటి ఇటుక, పైన రేకు. నేల మీద దాణా సంచులు పరిచి పడుకుంటాడు. తెల్లవారి నాలుగున్నరకి లేచి చన్నీళ్లలో చేతులు పెట్టేది అతనే. మనిషి ఒంటికి 12 డిగ్రీలంటే నిజమైన చలి. గుర్రానికి వేల రూపాయల రగ్గు కొన్న శాలల్లో సైసుకి పాత దుప్పటి ఇచ్చి సరిపెట్టినవి ఎన్నో ఉన్నాయి. చెడ్డ మనసుతో కాదు, ఆ వైపు చూడకపోవడం వల్ల.

చూడకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. సైసు చలి ఆగక పరుపు గడ్డి గుప్పెడు తెచ్చి షెడ్డు గుమ్మంలో చలిమంట వేస్తాడు. ఒక్క నిప్పురవ్వకు గడ్డి అటక అంటుకుంటుంది. లేదా బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు బిగించి పడుకుంటాడు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే మనిషిని చంపేస్తుంది. చలిమంట వద్దని బోర్డు పెడితే ఇది ఆగదు. మంట అవసరం లేకుండా చేస్తే ఆగుతుంది. షెడ్డుకి యాభై అడుగుల దూరంలో ఇటుకలతో పొయ్యి కట్టించి, పక్కన ఇసుక బక్కెట్టు పెట్టి, మంట అక్కడే అని చెప్పండి. గదికి మంచం, మంచి రగ్గు, కిటికీకి చెక్క, వేణ్నీళ్లకి చిన్న గీజరు.

ఇలాంటి శాలలో జరిగే మాట ఒకటి ఊహించుకోండి. శనివారం పొద్దున ఒక యజమాని కారులోంచి కొత్త రగ్గు దింపాడు.

"అక్కా, రాత్రి ఎనిమిది డిగ్రీలట. మా వాడు వణికిపోయాడేమో!"

కోడలు గుర్రం వీపు మీద అతని చెయ్యి తానే పెట్టించింది. "చూడండి తమ్ముడూ, వెచ్చగా ఉంది కదా. దానికి గడ్డి కావాలి, రాత్రి పదకొండుకి వేస్తున్నాం. చలంతా మా చాచాకే."

పక్కన బక్కెట్టు కడుగుతున్న సైసు తల ఎత్తలేదు. యజమాని కాసేపు ఆగి, "చాచా, మీ గది ఎక్కడ?" అని అడిగాడు.

అలా అడిగే అవకాశం యజమానులకి మీరే ఇవ్వాలి. నెల బిల్లులో చలికాలపు ఖర్చు అని ఒక వరస పెట్టి, గడ్డి ఎంత, సైసుల గదికి ఎంత అని విడివిడిగా రాయండి. చాలామంది కట్టేస్తారు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే. ఇంకో చిన్న ఏర్పాటు. శాలలో గీరుకుపోవడాలు, మేకు గుచ్చుకోవడాలు మామూలు, గుర్రాల పేడ ఉన్న నేలలో ధనుర్వాతం క్రిములు ఎక్కువ. గుర్రాలకి ఏటా ఆ టీకా వేయించే రోజునే ఇంట్లో వాళ్ల, సైసుల చీటీలు కూడా తీసి చూడండి. మనుషులకి పదేళ్లకోసారి చాలు. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో ఎవరికి గుర్తు లేదో వాళ్లని ఆ మధ్యాహ్నమే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.